ఆగస్టు 23న రెండు సభలు వద్దు, ఒక్క సభ చాలు: ప్రకాశం, నెల్లూరు జిల్లాల అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రకాశం జిల్లా కలెక్టర్ గారికి, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి, రెండు జిల్లాల విద్యాశాఖాధికారులకు నమస్కారాలు.

ఏటా ఆగస్టు 23న మన బడుల్లో రెండు కార్యక్రమాలు జరుగుతున్నాయి. ఒకటి ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు గారి జయంతి, రెండోది జాతీయ అంతరిక్ష దినోత్సవం. ఈ రెండింటినీ వేర్వేరు ఉత్తర్వులతో, వేర్వేరు పీరియడ్లలో, ఒకదానితో ఒకటికి ఏ సంబంధమూ లేనట్టు జరిపే పద్ధతిని మాని, రెండు జిల్లాల ఉన్నత పాఠశాలల్లో ఒకే సభగా, ఒకే పాఠంగా జరిపించవలసిందిగా కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో సాంఘికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. కోరిక చిన్నదే అయినా కారణాలు కొన్ని ఉన్నాయి కనుక లేఖ కాస్త పొడవైంది. దయచేసి చివరిదాకా చదవగలరు.

ప్రకాశం పంతులు గారు 1872 ఆగస్టు 23న వినోదరాయునిపాలెంలో పుట్టారు. ఆనాటికి ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి మారింది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది. పంతులు గారు పుట్టి నూరేళ్లు నిండిన 1972లో దానికి ఆయన పేరు పెట్టారు. కాబట్టి ఆయనను ప్రకాశం జిల్లావారు ఎంత తమవాడనుకుంటారో నెల్లూరువారూ అంతే అనుకోవచ్చు. ఇక 2023లో అదే ఆగస్టు 23న సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 మోసుకెళ్లిన విక్రమ్ ల్యాండర్ చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగింది. మూడు రోజుల తరువాత ప్రధానమంత్రి బెంగళూరులో ఆ తేదీని జాతీయ అంతరిక్ష దినోత్సవంగా ప్రకటించారు. ఆ నౌక బయలుదేరిన శ్రీహరికోట, 2022లో తిరుపతి జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోని ఊరే. నేటికీ ప్రయోగం ఉందంటే నెల్లూరులో జనం మేడలెక్కి దక్షిణం వైపు చూస్తూ నిలబడతారు. ఇంత దగ్గరి సంబంధం ఉన్న రెండు సంగతులు ఒకే తేదీన కలిసినప్పుడు, వాటిని మన పిల్లలకు విడదీసి చెప్పడం సరికాదని నా అభిప్రాయం.

విడదీస్తే ఏం జరుగుతుందో ఒక బడిలో చూశాను. ఆ బడి పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే చాలా బడుల్లో జరిగేది అదే. ప్రార్థనా సమావేశంలో కుర్చీ మీద పంతులు గారి పటం పెట్టి బంతిపూల దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు. సాంఘికశాస్త్రం ఉపాధ్యాయుడు సైమన్ కమిషన్ నాటి సంఘటన చెప్పి, తుపాకులకు గుండె చూపిన ఘట్టం దగ్గర ఆపారు. పిల్లలకు చాక్లెట్లు పంచారు. మూడో పీరియడ్‌లో సామాన్యశాస్త్రం ఉపాధ్యాయురాలు డిజిటల్ తరగతి గదిలో ల్యాండర్ దిగిన వీడియో చూపించి, రాకెట్ బరువెంత, ఎత్తెంత అని క్విజ్ పెట్టారు. ఇద్దరూ తమ పని శ్రద్ధగానే చేశారు. అప్పుడు ఏడో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "మేడమ్, చంద్రయాన్‌కి డబ్బులు ఎవరిచ్చారు?" అని అడిగింది. గవర్నమెంటు ఇచ్చిందమ్మా అని చెప్పి మేడమ్ తరువాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. పీరియడ్ అయిపోవస్తోంది మరి.

ఆ పాప ప్రశ్నలోనే ఆగస్టు 23 పాఠమంతా ఉంది. చంద్రయాన్-3కి సుమారు 615 కోట్ల రూపాయలు ఖర్చయిందని అంటారు. ఆ డబ్బు పార్లమెంటు ఆమోదించిన బడ్జెట్ నుంచి వచ్చింది. ఆ బడ్జెట్‌లోకి పన్నుల రూపంలో, ఆ పాప తండ్రి కొన్న సబ్బు మీదా చెప్పుల మీదా కట్టిన పన్నుతో సహా, దేశం నలుమూలల నుంచీ వచ్చింది. ఖజానాను ఎవరు నడుపుతారు, ఎవరికి జవాబు చెప్పాలి, దేనికి ముందు ఖర్చు పెట్టాలి అనేవి ప్రకాశం పంతులు గారి జీవితమంతా నిండి ఉన్న ప్రశ్నలే. ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపిన తల్లి సుబ్బమ్మ గారి కష్టంతో చదువుకున్న ఆయన, 1937లో మద్రాసు రాష్ట్ర రెవెన్యూ మంత్రి అయ్యారు, జమీందారీల విచారణ సంఘానికి అధ్యక్షత వహించారు, 1946లో ఆ రాష్ట్ర ప్రధానమంత్రి (ముఖ్యమంత్రిని అప్పట్లో అలా పిలిచేవారు) అయ్యారు, 1953 అక్టోబరు 1న ఎనభై ఒక్క ఏళ్ల వయసులో ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యారు. రెవెన్యూ మంత్రి సంగతి చెప్పకుండా గుండె చూపిన ఘట్టం ఒక్కటే చెబితే, ప్రభుత్వమంటే ఏమిటో పిల్లలకు తెలియదు. ఆకాశాన్ని శోధించే పని కూడా ప్రభుత్వం చేసే పనుల్లో ఒకటని తెలియకపోతే, అంతరిక్షం అంటే ఎవరో గొప్పవాళ్లు చేసే అద్భుతమనే అనుకుంటారు.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తేదీలు కలిశాయి కదా అని అందులో దైవసంకల్పం ఉందనో, ఏదో సంఖ్యాబలం ఉందనో పిల్లలకు చెప్పకూడదు. ఏడాదికి ఉన్నవి 365 రోజులే, చరిత్రలో జరిగిన సంఘటనలు లెక్కకు అందవు, కనుక అవి కలవకపోతేనే ఆశ్చర్యపడాలి. పిల్లలు అడగవలసిన ప్రశ్న వేరు: ఈ సంఘటన ఈ తేదీనే ఎందుకు జరిగింది? కొన్ని తేదీలకు కారణమంటూ ఏమీ ఉండదు, పంతులు గారు ఆగస్టు 23న పుట్టడం అలాంటిది. కొన్నింటిని మనుషులు కావాలని ఎంచుకుంటారు, ఆంధ్ర రాష్ట్రం అక్టోబరు 1న ఏర్పడటం అలాంటిది. కొన్నింటిని మాత్రం ఆకాశమే నిర్ణయిస్తుంది.

విక్రమ్ దిగిన తేదీ ఈ మూడో రకానికి చెందింది. ఆ ల్యాండర్ సూర్యరశ్మితో పనిచేసేది. చంద్రుడి మీద పగలు మన లెక్కన సుమారు 14 రోజులు ఉంటుంది, ఆ తరువాత అంతే పొడవైన గడ్డకట్టే రాత్రి. పగలు మొదలైన వెంటనే దిగితేనే ఆ 14 రోజులూ పనికొస్తాయి. దిగవలసిన చోట సూర్యోదయమయ్యేది ఆగస్టు 23న గనుక ఆ రోజే దింపారు. ప్రధానమంత్రి కార్యాలయానికైనా ఆ తేదీని జరుపుకునే వీలే గాని ముందుకో వెనక్కో జరిపే వీలు లేదు. పిల్లలకు ఇంతకన్నా మంచి ఖగోళ పాఠం ఏముంటుంది?

ఇదే తేదీకి మరో విశేషం ఉంది, దాన్ని మన బడుల్లో ఎక్కడా ప్రస్తావించగా నేను వినలేదు. భారత ప్రభుత్వ గెజిట్ మీద, ఆకాశవాణి ప్రకటనల్లో కనిపించే, వినిపించే శక సంవత్సరపు జాతీయ పంచాంగంలో ఆగస్టు 23 ప్రతి ఏటా భాద్ర మాసం మొదటి రోజు. మన ఇళ్లలోని పంచాంగం చెప్పే చాంద్రమాన భాద్రపదం వేరు, అది ఏటా జరుగుతూ ఉంటుంది. ఇది సూర్యుడి లెక్క, కదలదు. దేశంలో అనేక పంచాంగాలు వాడుకలో ఉండి ప్రభుత్వ లెక్కలకు ఇబ్బందవుతోందని 1952లో ఖగోళ భౌతిక శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించారు. ఆ సంఘం సిఫారసు ప్రకారం 1957 మార్చి 22 నుంచి ఈ జాతీయ పంచాంగం అమల్లోకి వచ్చింది. ఇందులో వైశాఖం నుంచి భాద్రం వరకు ఐదు నెలలకు 31 రోజులు ఉంటాయి. భూమి జూలై మొదట్లో సూర్యుడికి అన్నిటికన్నా దూరంగా ఉండి నెమ్మదిగా కదులుతుంది కాబట్టి, ఆ కాలంలో సూర్యుడు ఒక్కో రాశి దాటడానికి ఎక్కువ రోజులు పడుతుంది, అందుకే ఆ నెలలు పొడవు. ప్రభుత్వమూ ఖగోళశాస్త్రమూ కలిసి కూర్చుని చేసిన పనికి దీనికన్నా స్పష్టమైన ఉదాహరణ వెతికినా దొరకదు, అదీ సరిగ్గా ఆగస్టు 23 నాడే మన ముందుకు వస్తోంది.

ఈ పాఠం పెరట్లో కూడా చెప్పవచ్చు. ఒక మీటరు పొడవున్న కర్రను నిటారుగా పాతి, మధ్యాహ్నం 12 నుంచి 12:25 వరకు రెండేసి నిమిషాలకు దాని నీడ కొసను సుద్దముక్కతో గుర్తు పెట్టించండి. మబ్బు లేకపోతే నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉండేది 12 గంటలకు కాదు, ఇంచుమించు 12:12కు అని పిల్లలకు తెలుస్తుంది. అప్పుడు ఒంగోలులో నీడ సుమారు ఏడు సెంటీమీటర్లు, నెల్లూరులో సుమారు ఐదు సెంటీమీటర్లు ఉంటుంది, రెండు చోట్లా అది ఉత్తరం వైపే పడుతుంది. మన చేతి గడియారం నడిచేది ప్రభుత్వం నిర్ణయించిన భారత ప్రామాణిక కాలంతో. దానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ ప్రాంతం మీదుగా పోతుంది, ఒంగోలు, నెల్లూరు 80 డిగ్రీల దగ్గర ఉన్నాయి. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు మన దగ్గరికి పది నిమిషాలు ఆలస్యంగా వస్తాడు, మిగిలిన రెండు మూడు నిమిషాలు ఆ రోజుల్లో భూమి గమనం వల్ల వచ్చేవి. దేశమంతటికీ ఒకే గడియారం ఉండాలన్నది పరిపాలన నిర్ణయం, నీడ పొట్టిదయ్యే క్షణం సూర్యుడిది. రెండింటి తేడా పిల్లలు సుద్దముక్కతో కొలుచుకోగలరు. రెండు జిల్లాల బడులు ఫోనులో కొలతలు చెప్పుకుంటే, ఒంగోలు, నెల్లూరు నీడల తేడా నుంచి భూమి గుండ్రతనం గురించి తొమ్మిదో తరగతి లెక్కల మాస్టారు మరో పాఠం చెప్పవచ్చు. దీనికయ్యే ఖర్చు ఒక కర్ర, ఒక సుద్దముక్క.

తేదీ ఎంత విలువైనదో చెప్పడానికి ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి అయిన అక్టోబరు 1 కూడా పనికొస్తుంది. 1847లో అదే తేదీ రాత్రి, అమెరికాలోని నాంటకెట్ దీవిలో మరియా మిచెల్ అనే గ్రంథపాలకురాలు తమ ఇంటి డాబా మీది దూరదర్శినిలో కొత్త తోకచుక్కను చూసింది. దూరదర్శినితో కొత్త తోకచుక్కను కనుగొన్నవారికి బంగారు పతకం ఇస్తామని డెన్మార్క్ రాజు అంతకుముందే ప్రకటించి ఉన్నాడు. రోమ్‌లో ఫ్రాన్సిస్కో దె వికో అదే తోకచుక్కను అక్టోబరు 3న చూశాడు, యూరప్‌లో ఆ వార్తే ముందు చేరింది. మిచెల్ తండ్రి వెంటనే హార్వర్డ్ అబ్జర్వేటరీకి రాసిన ఉత్తరం, ఆ తరువాత హార్వర్డ్ అధ్యక్షుడు ఎడ్వర్డ్ ఎవరెట్ నడిపిన ఉత్తరప్రత్యుత్తరాలు సాక్ష్యంగా నిలిచి, 1848లో పతకం ఆమెకే దక్కింది. కాగితం మీద తేదీ సరిగ్గా రాసి ఉండకపోతే, ఒక రాజ్యం తన మాటను నిలబెట్టుకునే విధానం లేకపోతే, ఆ పేరు ఈనాడు మనకు తెలిసేది కాదు. 1953లో అక్టోబరు 1న కర్నూలులో నెహ్రూ గారు ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రారంభించారు. 1958లో అదే తేదీన అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పని మొదలుపెట్టింది. ఈ మూడింటినీ పక్కపక్కన రాసి, ఏది యాదృచ్ఛికం, ఏది ఎంచుకున్నది అని ఎనిమిదో తరగతి పిల్లల చేతే తేల్పించవచ్చు.

తేదీలు సరిచూడకుండా బోర్డు మీద రాస్తే మాత్రం మేలుకన్నా కీడే ఎక్కువ. వాట్సాప్‌లో తిరిగే "చరిత్రలో ఈ రోజు" జాబితాలను అలాగే ఎత్తి రాయడం ఇప్పుడు మామూలైపోయింది. ఉదాహరణకు 1969 జూలై 20న తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న వి.వి.గిరి గారు పదవికి రాజీనామా చేసి, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా గారు ఆ బాధ్యత తీసుకున్నారు. అపోలో-11 చంద్రుడి మీద దిగిందీ జూలై 20నే అని అదే జాబితాలో ఉంటుంది. అమెరికాలో అది నిజమే. కానీ ఆ క్షణానికి మన దేశంలో జూలై 21 తెల్లవారుజామున 1 గంట 47 నిమిషాలు. ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి నేల మీద కాలుపెట్టేసరికి మనకు ఉదయం 8:26. నెల్లూరు పిల్లవాడికి ఈ రెండూ ఒకే రోజు జరిగాయని చెప్పడం తప్పు. ఆ తప్పును దిద్దుకుంటూ పోతే రేఖాంశాల పాఠం దానంతటదే వచ్చేస్తుంది. కలయిక నిజంగానే ఉన్న తేదీలకూ కొదవ లేదు. 1947 జూలై 22న రాజ్యాంగ సభ జాతీయ పతాకాన్ని ఆమోదించింది, ఆ పతాకానికి తొలి రూపం దిద్దిన పింగళి వెంకయ్య గారు నెల్లూరులో ఉండి అభ్రకం మీద పరిశోధన చేసినవారు. 2009లో అదే తేదీన ఈ శతాబ్దానికే పొడవైన సంపూర్ణ సూర్యగ్రహణం మన దేశంలో కనిపించింది. 2019లో అదే తేదీన చంద్రయాన్-2 శ్రీహరికోట నుంచి బయలుదేరింది.

నెల్లూరు జిల్లాకు మార్చి 16 ఉంది. అమరజీవి పొట్టి శ్రీరాములు గారు 1901లో ఆ తేదీన పుట్టారు. 1926లో అదే తేదీన అమెరికాలోని ఆబర్న్‌లో రాబర్ట్ గొడార్డ్ ప్రపంచంలో మొదటి ద్రవ ఇంధన రాకెట్‌ను ఎగరవేశాడు. అది గాలిలో ఉన్నది రెండున్నర సెకన్లు, లేచింది 41 అడుగులు. పెట్రోలు, ద్రవ ఆక్సిజన్ కలిపి మండించాడు. అదే ద్రవ ఆక్సిజన్ ఈనాడు శ్రీహరికోటలో ఎల్‌వీఎం3 రాకెట్ పై దశలో ద్రవ హైడ్రోజన్‌తో కలిసి మండుతోంది. 2026 మార్చి 16 శ్రీరాములు గారి 125వ జయంతి, గొడార్డ్ రాకెట్‌కు నూరేళ్లు. 1750లో అదే తేదీన పుట్టిన కెరోలైన్ హెర్షెల్ ఎనిమిది తోకచుక్కలను కనుగొన్నది. ఇంగ్లండ్ రాజు ఆమెకు 1787 నుంచి ఏడాదికి 50 పౌండ్ల జీతం ఇచ్చాడు. ఖగోళ పరిశీలనకు ఒక స్త్రీకి ఖజానా నుంచి జీతం రావడం ఆ రోజుల్లో వినని మాట. శ్రీరాములు గారి గురించి చెప్పేటప్పుడు 1952 నాటి 58 రోజుల నిరాహారదీక్షతో పాటు, 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి ఆలయంలో దళితుల ప్రవేశం కోసం చేసిన దీక్షను కూడా తప్పక చెప్పించండి. రాజు చేత జీతం ఇప్పించుకున్న స్త్రీ కథ పక్కన, గుడి తలుపు తెరిపించిన మనిషి కథ పక్కన, రాకెట్ కథ ఏమాత్రం తక్కువగా కనిపించదు. మార్చి మధ్యలో పదో తరగతి పరీక్షలు, ఒంటిపూట బడులు ఉంటాయని నాకు తెలుసు; ఆరు నుంచి తొమ్మిది తరగతుల వారికి ప్రార్థన తరువాత అరగంట కేటాయించినా సరిపోతుంది.

శ్రీహరికోట గురించి చెప్పేటప్పుడు ఒక విషయం దాచవద్దని ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. 1969లో ఆ దీవిని ఎంచుకోవడానికి తూర్పున సముద్రం ఉండటం, భూమధ్యరేఖకు దగ్గర కావడం, జనం తక్కువగా ఉండటం కారణాలని పాఠాల్లో ఉంటుంది. జనం తక్కువే గాని లేకపోలేదు. తరతరాలుగా అక్కడి అడవినీ పులికాట్ నీళ్లనూ నమ్ముకుని బతికిన యానాదులు ఆ దీవిని వదలవలసి వచ్చింది. మన రెండు జిల్లాల బడుల్లో యానాది పిల్లలు చదువుకుంటున్నారు. తమ పెద్దలు ఇచ్చిన నేల మీది నుంచే చంద్రయాన్ లేచిందన్న సంగతిని వారు సభలో అందరి ముందూ, గౌరవంగా వినాలి. ప్రభుత్వ నిర్ణయం ఎవరి మీద ఎలా పడుతుందన్నది కూడా పౌరశాస్త్రమే.

ఇక ఆచరణ. 2026లో ఆగస్టు 23 ఆదివారం వచ్చింది. సెలవు గనుక ఎవరికి వారు ముందో వెనకో ఏదో ఒకటి చేసి ఫోటోలు పంపే ప్రమాదం ఉంది. కాబట్టి ముందురోజు శనివారం, 22న, రెండు జిల్లాల్లోనూ ఒకే సమయానికి సభ జరిపేలా ఉమ్మడి ప్రొసీడింగ్స్ జారీ చేయండి. సాంఘికశాస్త్రం, సామాన్యశాస్త్రం, గణితం ఉపాధ్యాయులు ముగ్గురూ కలిసి ఆ సభ నడపాలని అందులో స్పష్టంగా రాయండి. వ్యాసరచన పోటీ పెట్టదలిస్తే ఆ ఏడో తరగతి పాప అడిగిన ప్రశ్ననే అంశంగా ఇవ్వండి. నీడ కొలిచే పనిని మధ్యాహ్న భోజనం గంటకు ముందు పెట్టండి, పిల్లలకు ఎండ తగలకుండా గొడుగులు తెచ్చుకోమనండి. వీలున్న బడులు పిల్లలను ఆ వారంలో ఒకరోజు వినోదరాయునిపాలెం తీసుకెళ్లవచ్చు. శ్రీహరికోటలో ప్రయోగం ఉన్నప్పుడు ప్రజలు చూసే గ్యాలరీకి ముందుగా పేర్లు నమోదు చేయించి తీసుకెళ్లవచ్చు. ఇవి రెండూ తప్పనిసరి చేయవద్దు, బస్సు ఖర్చు భరించలేని బడులు చాలా ఉన్నాయి.

సరిచూసిన తేదీలతో ఒక పేజీ కరపత్రం తయారు చేయడానికి నాతో పాటు మరికొందరు విశ్రాంత ఉపాధ్యాయులు సిద్ధంగా ఉన్నారు. ఏ పారితోషికమూ అక్కర్లేదు. జూలై మొదటి వారంలోగా మీ ఉత్తర్వు వెలువడితే, ఆగస్టు నాటికి ఆ పేజీ ప్రతి ఉన్నత పాఠశాలకూ చేరేలా చూస్తాము.

భవదీయుడు,
ఒక విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు,
ఒంగోలు